జపనీస్ క్రియారూపాలు, వాటి పేర్లు : వ్యాకరణ సంప్రదాయాల చరిత్ర – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

జపనీస్ నేర్చుకొనే విదేశీ విద్యార్థి క్రియను ‘మసు రూపం’, ‘తె రూపం’, ‘నై రూపం’ అనే పేర్లతో అభ్యసిస్తాడు. జపాన్ పాఠశాలలో చదివే విద్యార్థి అదే క్రియను ఆరు రూపాల పట్టికలో, వేరే పేర్లతో చదువుతాడు. ఈ రెండు విభజనలు ఎలా ఏర్పడ్డాయో, ఏ అవసరాలు వాటిని తీర్చిదిద్దాయో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. క్రియారూప విభజన భాషాస్వరూపం మీద ఎంత ఆధారపడుతుందో, ఆ వ్యాకరణాన్ని ఎవరి కోసం రచించారన్న విషయం మీద కూడా అంతే ఆధారపడుతుందని ప్రతిపాదిస్తుంది. ‘తె’ రూపాన్ని తెలుగు క్త్వార్థక, శత్రర్థకాలతో పోల్చి, తెలుగు విద్యార్థికి అనుకూలమైన వర్ణన ఎలా ఉండవచ్చో సూచిస్తుంది.

కీలక పదాలు: క్రియారూప విభజన, గొజూఒన్ పట్టిక, మొతోరి హరునివ, పాఠశాల వ్యాకరణం, తె రూపం, క్త్వార్థకం.

ఉపోద్ఘాతం

ఒక భాషను నేర్చుకొనేవారు ఆ భాషలోని రూపాలతోపాటు, ఆ రూపాలకు పూర్వులు పెట్టిన పేర్లను కూడా నేర్చుకొంటారు. రూపాలు వాడుకలో పుడతాయి. పేర్లు వ్యాకర్తల అవసరాల నుండి పుడతాయి. ‘చదివి’ అనే రూపాన్ని తెలుగు బిడ్డ మాటలు వచ్చిన తొలినాళ్ళలోనే పలుకుతాడు. అది ‘క్త్వార్థకం’ అని పాఠశాలలో తెలుసుకొంటాడు. సంస్కృతంలోని ‘క్త్వా’ ప్రత్యయం తెలియనివారికి ఆ పేరు స్వయంగా ఏ అర్థాన్నీ ఇవ్వదు. ఆ పేరు పెట్టినవారు సంస్కృతం తెలిసిన పాఠకుణ్ణి దృష్టిలో ఉంచుకొన్నారు.

జపనీస్ వ్యాకరణ చరిత్రలో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ‘యొము’ అంటే చదువుట. ‘యొందె’ అంటే చదివి. విదేశీయుల కోసం రాసిన పాఠ్యగ్రంథాలలో ‘యొందె’ ఒకే రూపం, దాని పేరు ‘తె రూపం’. జపాన్ పాఠశాల వ్యాకరణంలో అది ఒక రూపం కాదు. ‘యొమి’ అనే రూపం ధ్వనిమార్పు పొంది ‘యొన్’ అయిందని, దానికి ‘తె’ అనే సంయోజక అవ్యయం చేరి ‘దె’గా మారిందని అక్కడ బోధిస్తారు. ఒకే పదాన్ని ఒకరు ఒకటిగా, మరొకరు రెండుగా చూస్తున్నారు. ఈ భేదం ఎక్కడ మొదలైందన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

1. సిద్ధ లిపి నుండి గొజూఒన్ పట్టిక వరకు

జపనీస్ క్రియావిభజనకు ఆధారమైన సాధనం క్రియలకు సంబంధించినది కాదు, అది అక్షరాల పట్టిక. దాని మూలం భారతదేశంలో ఉంది. బౌద్ధ మంత్రాలను సరిగా ఉచ్చరించడానికి జపాన్ భిక్షువులు ‘సిద్ధం’ అనే భారతీయ లిపిని అభ్యసించేవారు. చైనాలో విద్యాభ్యాసం చేసి 806లో స్వదేశానికి తిరిగివచ్చిన కూకై ఈ అధ్యయనానికి గట్టి పునాది వేశాడు. సంస్కృత వర్ణసమామ్నాయంలోని క్రమాన్ని తమ భాషాధ్వనులకు అన్వయించడం వల్ల అచ్చులు ఒక దిశలో, హల్లులు మరొక దిశలో సాగే పట్టిక ఏర్పడింది. దీనికి ‘గొజూఒన్’, అంటే ‘యాభై ధ్వనులు’ అని పేరు. లభ్యమైనవాటిలో ప్రాచీనమైన పట్టిక 11వ శతాబ్దపు తొలి దశకాలకు చెందిన ‘కుజకుక్యో ఒన్‌గి’ అనే గ్రంథంలో ఉంది. 1093లో మెయికకు అనే భిక్షువు తన ‘హన్‌ఒన్ సహో’లో ఇటువంటి పట్టికను వివరించాడు. తొలి పట్టికలలోని వరుస నేటి వరుసతో పూర్తిగా సరిపోదు. అది క్రమంగా స్థిరపడింది.

నేటి పట్టికలో అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ. తెలుగు వర్ణమాల తెలిసినవారికి ఈ వరుస వెంటనే అర్థమవుతుంది. క-వర్గం తరువాత చ-వర్గం రావలసిన చోట ‘స’ ఉంది. ప్రాచీన జపనీస్‌లో ఆ ధ్వని ‘చ’ లేదా ‘త్స’కు దగ్గరగా ఉండేదని పండితులు భావిస్తారు. త-వర్గం తరువాత ప-వర్గం ఉండవలసిన చోట ‘హ’ ఉంది. ఒకప్పటి ‘ప’ ధ్వనే క్రమంగా ‘ఫ’గా, తరువాత ‘హ’గా మారింది. ఆపైన మ, య, ర, వ మన క్రమంలోనే ఉన్నాయి. అంటే ఈ పట్టిక జపనీస్ భాష పాత ఉచ్చారణను కూడా తన వరుసలో భద్రపరచింది.

మంత్రోచ్చారణ కోసం పుట్టిన ఈ పట్టిక కొన్ని శతాబ్దాల తరువాత క్రియల అధ్యయనానికి సాధనమైంది. అయితే అంతకంటే ముందు జపనీస్ క్రియను సమగ్రంగా వర్ణించినవాడు ఒక విదేశీయుడు.

2. మతప్రచారకుల అవసరం : రోద్రిగేస్ వ్యాకరణం

పోర్చుగల్‌కు చెందిన జువావ్ రోద్రిగేస్ 1577లో, ఇంకా బాలుడిగా ఉండగానే జపాన్ చేరాడు. జెస్యూట్ సంఘంలో చేరి, హిదెయోషి, ఇయెయసు వంటి పాలకుల ఎదుట దుబాసీగా వ్యవహరించేంతగా భాషను సాధించాడు. ఆయన రచించిన బృహద్వ్యాకరణం ‘ఆర్తె ద లింగ్వ ద ఇయపం’ 1604–1608 మధ్య నాగసాకిలో అచ్చయింది. 1610లో ఆయన జపాన్ విడిచి మకావు వెళ్ళవలసివచ్చింది. దాని సంక్షిప్త రూపం 1620లో అక్కడ వెలువడింది.

ఈ గ్రంథానికి నమూనా మనుయెల్ ఆల్వారెస్ రచించిన లాటిన్ వ్యాకరణం. అందువల్ల కాలాలు, అర్థాలు, విభక్తులు అన్నీ లాటిన్ చట్రంలో అమరాయి. అయినా రోద్రిగేస్ చూపు ఆ చట్రానికే పరిమితం కాలేదు. క్రియలను వాటి మూలరూపాల చివరి ధ్వనులను బట్టి మూడు గణాలుగా విభజించాడు. ఆయన ‘మూలం’గా గ్రహించినది తరువాతి జపాన్ వ్యాకర్తలు ‘రెన్‌యో’ అని పేరు పెట్టిన ‘యొమి’ వంటి రూపమే. రోమన్ లిపిలో రాయడం వల్ల ప్రకృతి ఎక్కడ ముగుస్తుందో, ప్రత్యయం ఎక్కడ మొదలవుతుందో ఆయనకు సులభంగా కనిపించింది.

ఆయన అవసరం వాడుకభాష. ప్రజలు చెప్పేది విని అర్థం చేసుకోవాలి, వారి ఎదుట మాట్లాడాలి. అందుకే ప్రాంతీయ భేదాలను కూడా నమోదు చేశాడు. వ్యతిరేకార్థంలో రాజధాని క్యోటో ప్రాంతంలో ‘ను’ వాడుతుండగా, తూర్పున కాంతో ప్రాంతంలో ‘నై’ వాడతారని గుర్తించాడు. ఆనాడు తూర్పు ప్రాంతపు యాసగా నమోదైన ఆ ‘నై’ నేటి ప్రామాణిక భాషలో వ్యతిరేక ప్రత్యయం. పాఠ్యగ్రంథాలలోని ‘నై రూపం’ అదే. తరువాతి కాలంలో ఎదో, అంటే నేటి టోక్యో, అధికారకేంద్రం కావడంతో ఆ ప్రాంతపు రూపానికి ప్రామాణికత దక్కింది.

1614 నాటి క్రైస్తవ నిషేధం తరువాత ఈ కృషి జపాన్‌లో కొనసాగలేదు. స్వదేశీ వ్యాకర్తలు రోద్రిగేస్ మార్గం నుండి ఏమీ గ్రహించలేదు. వారి ప్రయాణం వేరే చోట, వేరే అవసరంతో మొదలైంది.

3. కవిత్వం కోసం పుట్టిన వ్యాకరణం

జపాన్‌లో స్వదేశీ భాషాచింతన ‘వాక’ కవిత్వంతో ముడిపడి పెరిగింది. పూర్వకవుల మాదిరిగా పద్యం చెప్పాలనుకొనే తరువాతి తరాలవారికి పాత భాషలోని అవ్యయాలు, క్రియాంతాలు అలవాటు తప్పిపోయాయి. వాటి ప్రయోగాన్ని బోధించే శాస్త్రానికి ‘తెనివొహ’ అని పేరు. తె, ని, వొ, హ అనే నాలుగు అవ్యయాలను కలిపి ఏర్పరచిన పేరిది. చైనీస్ గ్రంథాలను జపనీస్‌లో చదవడానికి అక్షరం నాలుగు మూలలా పెట్టే చుక్కల నుండి ఈ పేరు వచ్చింది. ‘తె’ అనే అక్షరం ఈ పేరులో మొదటిది కావడం మన చర్చకు ముఖ్యం. స్వదేశీ సంప్రదాయంలో ‘తె’ మొదటి నుండీ ఒక స్వతంత్రమైన అవ్యయం, క్రియలో భాగం కాదు.

18వ శతాబ్దంలో ఈ అధ్యయనం శాస్త్రస్థాయికి చేరింది. క్యోటోకు చెందిన ఫుజితని నరిఅకిర పదాలను నాలుగు తరగతులుగా విభజించి, వాటికి మనిషి వస్త్రధారణ నుండి పేర్లు పెట్టాడు. వస్తువులను తెలిపేది ‘న’ (పేరు), చర్యను తెలిపేది ‘యొసొఇ’ (వస్త్రం), ముందు వచ్చే అవ్యయం ‘కజషి’ (శిరోభూషణం), చివర చేరేది ‘అయుఇ’ (కాలిపట్టీ). 1767లో ‘కజషిషో’, 1778లో ‘అయుఇషో’ వెలువడ్డాయి. రెండవదానిలో క్రియల మార్పులను చూపే పట్టిక కూడా ఉంది. పరభాషా పరిభాష ఏదీ వాడకుండా కట్టిన నిర్మాణమిది. కానీ ఆ పేర్లు ఆయన శిష్యపరంపరను దాటి వ్యాపించలేదు.

వ్యాప్తి పొందిన మార్గం మత్సుసకకు చెందిన మొతోరి నొరినగ (1730–1801)ది. ‘కొజికి’ వ్యాఖ్యాతగా ప్రసిద్ధుడైన ఆయన 1771లో ‘హిమొకగమి’ అనే పట్టికను, 1785లో ‘కొతొబ నొ తమ నొ ఓ’ అనే గ్రంథాన్ని ప్రచురించాడు. వాక్యం మధ్యలో ఒక అవ్యయం వస్తే వాక్యాంతంలోని క్రియ దానికి తగిన రూపంలోనే ఉండాలన్న నియమాన్ని ప్రాచీన కవితల నుండి వందలకొద్దీ ఉదాహరణలతో నిరూపించాడు. ‘జొ’ వంటి అవ్యయం వస్తే చివర విశేషణ రూపం, ‘కొసొ’ వస్తే మరొక రూపం రావాలి. ఈ నియమాన్ని ‘కకరి–ముసుబి’ అంటారు. ఒక క్రియకు వాక్యాంతంలో కూడా వేర్వేరు రూపాలు ఉంటాయన్న స్పృహ ఈ పరిశీలనతో బలపడింది. ఆ రూపాలను లెక్కించి వర్గీకరించవలసిన అవసరం ఏర్పడింది.

ఆ పనిని పూర్తిచేసినవాడు ఆయన కుమారుడు మొతోరి హరునివ (1763–1828). ముప్పై ఏళ్ళు దాటిన కొద్దికాలానికే ఆయన చూపు కోల్పోయాడు. సూదివైద్యం నేర్చి జీవించాడు. చదవడానికీ రాయడానికీ కుటుంబసభ్యుల సాయం తీసుకొంటూ 1808లో ‘కొతొబ నొ యచిమత’ను ప్రచురించాడు. ‘యచిమత’ అంటే ఎనిమిది దారులు చీలే కూడలి. ఒకే మాట అనేక రూపాలుగా చీలిపోవడాన్ని ఆ పేరు సూచిస్తుంది. ఆయన క్రియలన్నిటినీ గొజూఒన్ పట్టికలోని అచ్చుల వరుస ఆధారంగా ఏడు విధాలుగా నిర్ణయించాడు. ‘యొము’ క్రియ ‘యొమ, యొమి, యొము, యొమె’ అని నాలుగు అచ్చుల మీదుగా నడుస్తుంది కనుక అది ‘యొదన్’, అంటే నాలుగు మెట్ల క్రియ. ‘మిరు’ (చూచుట)లో ‘మి’ మారదు కనుక అది ‘ఇచిదన్’, ఒక మెట్టు క్రియ. మిగిలినవి రెండు మెట్ల క్రియలు, క్రమం తప్పిన క్రియలు. ఇంత నిర్దుష్టమైన వర్గీకరణ అంతకుముందు లేదు. కళ్ళతో చూసి సరిపోల్చుకోవలసిన పట్టికను చూపులేని పండితుడు మనసులోనే నిలుపుకొని రూపొందించిన తీరు విశేషమైనది.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక విషయాన్ని గమనించవచ్చు. హరునివ చేసినది మన భాషలో చెప్పాలంటే గుణింతం. మ, మి, ము, మె అని పలకమీద దిద్దిన క్రమమే ఒక క్రియ పొందే రూపాల క్రమం. భారతీయ వర్ణక్రమం భిక్షువుల ద్వారా జపాన్ చేరి, కొన్ని శతాబ్దాల తరువాత అక్కడి క్రియావ్యవస్థకు కొలబద్ద అయింది. దీనికి ఒక పరిమితి కూడా ఉంది. అక్షరాన్ని హల్లుగా, అచ్చుగా విడదీయని లిపిలో ఆలోచించడం వల్ల మారనిది ‘యొమ్’ అనీ, మారేది చివరి అచ్చు మాత్రమేననీ ఈ సంప్రదాయం చూడలేదు. చివరి అక్షరమే మారుతున్నట్లు భావించింది.

రూపాలకు పేర్లు పెట్టడం మరొక తరం పని. వకస ప్రాంతపు బౌద్ధ పురోహితుడు తోజో గిమొన్ (1786–1843) ఈ రూపాలకు వాటి ప్రయోజనాన్ని బట్టి పేర్లు ఇచ్చాడు. కొద్ది మార్పులతో అవే నేటికీ నిలిచి ఉన్నాయి. ‘మిజెన్’ అంటే ఇంకా జరగనిది. ‘రెన్‌యో’ అంటే క్రియాదులకు కలిసేది. ‘షూషి’ అంటే వాక్యాన్ని ముగించేది. ‘రెన్‌తై’ అంటే నామానికి కలిసేది. ‘ఇజెన్’ అంటే ఇప్పటికే జరిగినది. ‘మెయిరెయి’ అంటే ఆజ్ఞ.

4. పాఠశాల వ్యాకరణం : పాత పట్టిక, కొత్త భాష

మెయిజీ యుగంలో పాఠశాలలు స్థాపితమై, దేశమంతటికీ ఒకే భాష కావాలన్న ఆలోచన బలపడింది. ఓత్సుకి ఫుమిహికొ (1847–1928) స్వదేశీ సంప్రదాయాన్ని పాశ్చాత్య పదవిభాగాలతో సమన్వయించాడు. ఆయన నిఘంటువు ‘గెన్‌కై’ (1889–1891) గొజూఒన్ వరుసలో వెలువడింది. 1897లో ‘కో నిహొన్ బున్‌తెన్’ అనే వ్యాకరణాన్ని ప్రచురించాడు. తరువాత హషిమొతొ షిన్‌కిచి (1882–1945) వాక్యాన్ని ‘బున్‌సెత్సు’ అనే పలుకుబడి ఖండాలుగా విభజించే పద్ధతిని ప్రతిపాదించాడు. 1943–44 నాటి విద్యాశాఖ పాఠ్యపుస్తకం ఆ మార్గాన్నే అనుసరించింది. నేటి పాఠశాల వ్యాకరణానికి ఆధారం ఇదే.

ఈ వ్యాకరణంలో ఒక వైరుధ్యం ఉంది. ఆరు రూపాల పట్టిక ప్రాచీన కవితాభాషకు సరిపోయేలా రూపొందినది. దానిని వాడుకభాషకు కూడా వర్తింపజేశారు. ప్రాచీన భాషలో ‘రాలుట’ అనే అర్థంలో వాక్యాంతంలో ‘ఒత్సు’ అనీ, నామానికి ముందు ‘ఒత్సురు’ అనీ రెండు రూపాలు ఉండేవి. అందుకే ‘షూషి’, ‘రెన్‌తై’ అనే రెండు గళ్ళు అవసరమయ్యాయి. ఆధునిక భాషలో రెండుచోట్లా ‘ఒచిరు’ ఒక్కటే. అయినా విద్యార్థి రెండు గళ్ళలోనూ అదే రూపాన్ని రాసి కంఠస్థం చేస్తాడు.

మరో ఉదాహరణ ‘యొమెబ’. ప్రాచీన భాషలో దీనికి ‘చదివినందువల్ల, చదివినప్పుడు’ అని అర్థం. జరిగిన విషయాన్ని చెప్పేది కనుక ‘ఇజెన్’ అన్న పేరు సరిపోయింది. నేడు దాని అర్థం ‘చదివితే’. అందువల్ల వాడుకభాషా వ్యాకరణంలో ఆ గడికి ‘కతెయి’, అంటే ‘ఊహ’ అని పేరు మార్చారు. రూపం నిలిచింది, అర్థం మారింది, పేరు అర్థాన్ని అనుసరించింది.

అన్నిటికన్నా ఆసక్తికరమైనది 1946 నాటి వర్ణక్రమ సంస్కరణ. ‘చదువుదాం’ అనే అర్థంలో ఉచ్చారణ ఎప్పుడో ‘యొమో’గా మారినా, రాతలో ‘యొమఉ’ అనే రాసేవారు. సంస్కరణ తరువాత ఉచ్చారణకు తగినట్లు ‘మొ’ అనే అక్షరంతో రాయడం మొదలైంది. దాంతో ఒకారం కూడా పట్టికలోకి వచ్చింది. నాలుగు మెట్ల క్రియ ఐదు మెట్ల ‘గొదన్’ క్రియ అయింది. పలకడంలో కొత్తగా మార్పేమీ లేదు. రాత మారగానే వ్యాకరణ వర్గం పేరు మారింది.

అయితే ఈ పాఠశాల వ్యాకరణానికి తనదైన ప్రయోజనం ఉంది. ఒకే పట్టికతో నేటి వార్తాపత్రికనూ వేయి సంవత్సరాల నాటి కవితనూ చదవగలిగే వంతెనను అది విద్యార్థికి ఇస్తుంది. ఆ విద్యార్థికి మాట్లాడడం ముందే వచ్చు. అతనికి కావలసింది పాతభాషను గుర్తించే శక్తి. మాట్లాడడమే రానివారికి ఈ పట్టిక ఎంతవరకు ఉపకరిస్తుందన్నది వేరే ప్రశ్న.

5. విదేశీ విద్యార్థి కోసం : రూపాల నుండి నమూనాలకు

19వ శతాబ్దంలో జపాన్ ద్వారాలు తెరుచుకొన్న తరువాత విదేశీయుల వ్యాకరణాలు మళ్ళీ వెలువడ్డాయి. ఆస్టన్ 1869లో వాడుకభాషా వ్యాకరణాన్ని, 1872లో గ్రాంథికభాషా వ్యాకరణాన్ని వేరువేరుగా ప్రచురించాడు. టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యుడు చేంబర్లిన్ 1888లో వాడుక జపనీస్‌కు కరదీపిక రచించాడు. ఆయన ‘యొందె’ వంటి రూపాన్ని విడదీయకుండా ఒకే క్రియారూపంగా తీసుకొని, యూరోపియన్ వ్యాకరణాల నుండి ‘జెరండ్’ అనే పేరు పెట్టాడు. 1946లో బెర్నార్డ్ బ్లాక్ అమెరికన్ నిర్మాణవాద పద్ధతిలో జపనీస్ రూపనిష్పత్తిని వర్ణించాడు. రోమన్ లిపిలో ‘యొమ్–ఉ’, ‘తబె–రు’ అని ప్రకృతిప్రత్యయాలను విడదీసి చూపాడు. గుణింతంలో కనపడనిది వర్ణాలుగా విడదీసిన రాతలో కనపడింది.

ఇదే సమయంలో జపాన్ ప్రభుత్వం కూడా తన భాషను పరాయివారికి నేర్పుతోంది. 1895లో తైవాన్ స్వాధీనమైన సంవత్సరమే అక్కడ జపనీస్ బోధన మొదలైంది. 1910 తరువాత కొరియాలో అది విస్తరించింది. ఆ విద్యార్థులు కోరి చేరినవారు కాదు, పాలితులు. మాతృభాష సాయం లేకుండా వందలమందికి ఒకేసారి నేర్పవలసివచ్చిన ఆ పరిస్థితిలో వాక్య నమూనాల వైపు దృష్టి మళ్ళింది. ‘బున్‌కెయి’ అంటే వాక్యపు అచ్చు. యుద్ధకాలంలో, 1942లో, విదేశీయుల అభ్యాసం కోసం మౌలిక వాక్య నమూనాల సంకలనం వెలువడింది. నేడు పరీక్షల కోసం విద్యార్థులు వరుసగా కంఠస్థం చేసే ‘నమూనాల’ వెనుక ఈ చరిత్ర కూడా ఉంది. ఆ పద్ధతి ఉపయోగకరమైనదే. కానీ అది పుట్టిన సందర్భాన్ని మరచిపోవడం తగదు.

యుద్ధానంతరం స్వచ్ఛందంగా నేర్చుకొనే విదేశీయుల సంఖ్య పెరిగింది. వారికోసం రూపాలకు ప్రయోజనాన్ని బట్టి కాక, చెవికి వినపడే చివరి భాగాన్ని బట్టి పేర్లు స్థిరపడ్డాయి. ‘మసు’తో ముగిస్తే మసు రూపం, ‘తె’తో ముగిస్తే తె రూపం. క్రియాగణాలు ఒకటి, రెండు, మూడు అయ్యాయి. 1998లో వెలువడి విస్తృతంగా వాడుకలో ఉన్న ‘మిన్న నొ నిహొంగొ’ పాఠ్యపుస్తకం మర్యాదతో కూడిన మసు రూపంతో మొదలవుతుంది. తె రూపం 14వ పాఠంలో, నిఘంటువులో కనిపించే ‘యొము’ వంటి రూపం 18వ పాఠంలో వస్తాయి. పరాయివారితో మర్యాదగా మాట్లాడడం తొలి అవసరమని నిర్ణయించాక క్రియ మూలరూపం వెనక్కి వెళ్ళింది. హరునివ పద్ధతిలో చదివినవారికి ఈ క్రమం తలకిందులుగా కనిపిస్తుంది. పాఠకుడు మారాడు కనుక క్రమమూ మారింది.

6. తెలుగు వ్యాకరణ దృష్టిలో ‘తె’ రూపం

తె రూపాన్ని నేర్చుకోవడంలో కష్టం రెండు విధాలు. మొదటిది ధ్వనిమార్పు. ‘కకు’ (రాయుట) నుండి ‘కకితె’ రావలసింది ‘కైతె’ అవుతుంది. ‘తొరు’ (తీసుకొనుట) నుండి ‘తొత్తె’, ‘యొము’ నుండి ‘యొందె’ వస్తాయి. ‘ఇకు’ (వెళ్ళుట) తన తోటి క్రియల బాటలో నడవక ‘ఇత్తె’ అవుతుంది. ఇవి హెయిఅన్ యుగంలో మొదలైన ఉచ్చారణ సౌలభ్యాలు. విద్యార్థి వీటిని పట్టికగా కంఠస్థం చేస్తాడు. ‘చేయు–చేసి’, ‘పోవు–పోయి’, ‘అగు–అయి’ అని మన భాషలోనూ ఇటువంటి మార్పులున్నాయని గుర్తుచేసుకొంటే ఆ పట్టిక వింతగా తోచదు.

రెండవది అర్థం. ఆంగ్లం ద్వారా నేర్చుకొనే తెలుగు విద్యార్థికి తె రూపం ఒకచోట సముచ్చయంగా, ఒకచోట అభ్యర్థనగా, మరొకచోట కొనసాగుతున్న పనిగా వేర్వేరు పాఠాలలో పరిచయమవుతుంది. వాటికి గల ఏకసూత్రం ఆంగ్లంలో కనిపించదు. తెలుగులో అది కళ్ళెదుటే ఉంది. ‘తబెతె మిరు’ అంటే మాటకు మాట ‘తిని చూచు’. రెండు భాషలలోనూ రుచి తెలుసుకోవడమనే అర్థమే. ‘కైతె ఒకు’ అంటే ‘రాసి ఉంచు’. ‘తబెతె షిమఉ’ అంటే ‘తినివేయు’. ఇల్లు విడిచి వెళ్ళేటప్పుడు జపనీయులు చెప్పే ‘ఇత్తెకిమసు’ను ‘వెళ్ళొస్తాను’ అని అనువదించనక్కరలేదు, అది అక్షరాలా అదే మాట. ‘వెళ్ళి’కి ‘ఇత్తె’, ‘వస్తాను’కి ‘కిమసు’. ‘గాలి వీచి చెట్టు పడిపోయింది’ అన్నట్లు కర్తలు వేరైనప్పటికీ కారణార్థంలో వాడే ప్రయోగం కూడా రెండింటిలో ఉంది.

ఇంతటి సామ్యం చూసినప్పుడు జన్యసంబంధాన్ని ఊహించాలన్న కోరిక కలగడం సహజం. ఓనొ సుసుము 20వ శతాబ్దపు చివరి దశకాలలో జపనీస్‌కు తమిళంతో సంబంధముందని వాదించాడు. ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తలు ఆ వాదాన్ని అంగీకరించలేదు. క్రియ చివర ఉండే భాషలలో ఇటువంటి అసమాపక రూపాలు సంబంధం లేకుండానే ఏర్పడతాయి. ఈ వ్యాసంలోని పోలిక బోధనా సౌలభ్యం కోసమే, వంశనిర్ణయం కోసం కాదు.

పోలిక ఎక్కడ ఆగిపోతుందో చెప్పకపోతే అది విద్యార్థిని దారి తప్పిస్తుంది. ‘కితె ఇరు’ అంటే ‘వచ్చి ఉన్నాడు’. ఇక్కడ క్త్వార్థకం సరిపోతుంది. కానీ ‘యొందె ఇరు’ అంటే సాధారణంగా ‘చదువుతూ ఉన్నాడు’, ‘చదివి ఉన్నాడు’ కాదు. ఇక్కడ మనకు శత్రర్థకం కావాలి. తెలుగు రెండు రూపాలతో చూపే భేదాన్ని జపనీస్ ఒకే రూపంతో, క్రియ స్వభావాన్ని బట్టి చూపుతుంది. 1950లో కిందఇచి హరుహికొ క్రియలను ఈ ‘తె ఇరు’ ప్రయోగం ఆధారంగానే నాలుగు తరగతులుగా విభజించాడు. కొంతసేపు సాగే పనిని చెప్పే క్రియలలో అది సాగుతున్న స్థితిని, క్షణంలో ముగిసే మార్పును చెప్పే క్రియలలో మార్పు తరువాతి స్థితిని తెలుపుతుంది. తెలుగు విద్యార్థి ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఆంగ్ల పాఠ్యగ్రంథం ఈ తడబాటును ఊహించదు. దాని రచయిత దృష్టిలో తెలుగు విద్యార్థి లేడు.

అలాగే ‘రెన్‌తై’ అన్న గడిని ‘నామానికి కలిసేది’ అని వివరించే బదులు ‘ధాతుజ విశేషణం’ అంటే తెలుగు విద్యార్థికి ఒక్కమాటలో అర్థమవుతుంది. ‘యొము హితొ’ అంటే ‘చదివే మనిషి’, ‘యొంద హితొ’ అంటే ‘చదివిన మనిషి’. సంబంధవాచక సర్వనామం రెండు భాషలకూ అవసరం లేదు. ‘రాలుతుంది’, ‘రాలే’ అని మనం నేటికీ పాటిస్తున్న భేదమే ప్రాచీన జపనీస్‌లో ‘ఒత్సు’, ‘ఒత్సురు’ల భేదం.

ముగింపు

జపనీస్ క్రియ ఒక్కటే. రోద్రిగేస్ దానిని విదేశీ ప్రచారకుని చెవితో విన్నాడు. నొరినగ, హరునివలు ప్రాచీన కవితల పాఠకుల కోసం చూశారు. హషిమొతొ మార్గం పాఠశాల విద్యార్థికీ, చేంబర్లిన్ మార్గం విదేశీ నివాసికీ ఉద్దేశించినవి. సామ్రాజ్యం దానిని పాలితుల నోట పలికించాలనుకొంది. ప్రతి దశలోనూ రూపాల సంఖ్య, సరిహద్దులు, పేర్లు, బోధనాక్రమం మారాయి. ‘యొందె’ ఒకటా రెండా అన్న ప్రశ్నకు పాఠకుణ్ణి బట్టి రెండు సమాధానాలూ సమంజసమే.

ఈ చరిత్ర తెలుగు వ్యాకరణానికి కూడా ఒక ప్రశ్న వేస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) కావ్యభాషను సంస్కృతం తెలిసిన విద్యార్థికి అసాధారణమైన స్పష్టతతో వివరించింది. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) వాడుకభాషను భాషాశాస్త్ర పరిభాషలో ఆంగ్ల పాఠకులకు వివరించింది. రెండూ తమ పాఠకులకు న్యాయం చేశాయి. కానీ నేటి తరగతి గదిలోని తెలుగు విద్యార్థి ఆ రెండు వర్గాలలోనూ పూర్తిగా చేరడు. ‘క్త్వార్థకం’ అనే పేరును కంఠస్థం చేసి, ‘వెళ్ళొస్తాను’లో ఉన్నది అదేనని గుర్తించకుండానే పరీక్ష పూర్తిచేస్తున్నాడు. ఆ విద్యార్థే జపనీస్ నేర్చుకోబోతే, తనకు తెలిసిన రూపాన్నే ఆంగ్లంలోని నాలుగు వివరణల ద్వారా తెలియనిదానిగా నేర్చుకొంటున్నాడు.

తెలుగులో, తెలుగువారి కోసం, మన గుణింతాన్నీ క్త్వార్థక శత్రర్థకాలనూ ఆధారం చేసుకొన్న జపనీస్ వ్యాకరణం రావలసి ఉంది. అటువంటి గ్రంథం రెండు విధాలుగా మేలు చేస్తుంది. పరాయి భాషకు దగ్గరి దారి చూపుతుంది. ఆ దారిలో నడిచేవారికి తమ భాషలోని క్రియను మొదటిసారి పరిశీలనగా చూసే అవకాశమిస్తుంది.